మనశ్శాంతికి ఊరు వదలాలా, హైదరాబాద్‌లోనే దొరుకుతుందా?

మియాపూర్ బాబాయ్: వనస్థలిపురం దగ్గర సాగర్ రోడ్డులో ధమ్మఖేత్త అనే ధ్యాన కేంద్రం ఉంది కదా, అక్కడ విపశ్యన ధ్యానం పదిరోజుల కోర్సు చేసొచ్చాను. ఫోన్ తీసి దాచేస్తారు, చదవడం రాయడం కుదరదు, తెల్లారుజామున నాలుగింటికి గంట కొడతారు, రోజుకి పది గంటలు కూర్చోవడమే. ఫీజు లేదు. మొదట్లో మోకాళ్ల నొప్పి తప్ప ఏమీ తెలీలేదు గానీ తర్వాత బుర్రలో రొద నిజంగానే తగ్గింది. నేననేది ఒక్కటే, ఉద్యోగం చేసుకుంటూ ఈ ట్రాఫిక్‌లో పడి ప్రశాంతత అంటే జరిగే పని కాదు, ఏడాదికోసారి అన్నీ వదిలేసి వెళ్లాల్సిందే. కాదంటే చెప్పండి.

ఉప్పల్ అక్క: ఆ పదిరోజులూ మీ ఇంట్లో పిల్లల టిఫిన్ బాక్సులు ఎవరు కట్టారు బాబాయ్? నల్లా వచ్చినప్పుడు సంపు ఎవరు నింపారు? నేను వెళ్తానంటే మా ఇంట్లో ముందు నవ్వుతారు, ఆ తర్వాత గ్యాస్ బుక్ చేసి వెళ్లు అంటారు. అందరూ బయటపడ్డాక కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి గట్టు మీద కూర్చుంటాను, కుక్కర్ ఇంకా చల్లారక సన్నగా బుస్సుమంటుంటుంది, ఆ పది నిమిషాలు ఫోన్ ముట్టను, కాలింగ్ బెల్ మోగినా లేవను. ధ్యానం అంటారో, ఒళ్లు బద్ధకం అంటారో మీ ఇష్టం.

దిల్‌సుఖ్‌నగర్ వాసి: అందరూ మనసు గురించే మాట్లాడుతున్నారు, చెవుల సంగతేంటి? 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు, రాత్రంటే పది నుంచి ఆరు దాకా. మా వీధి చివర ఫంక్షన్ హాల్ ఉంది, బరాత్ వచ్చిందంటే పదకొండున్నరకి కూడా కిటికీ అద్దాలు అదురుతాయి, ఫిర్యాదు చేస్తే అరగంట తగ్గిస్తారు, మళ్లీ మామూలే. అధికారులు చేయాల్సిన పని వదిలేసి నన్ను శ్వాస మీద ధ్యాస పెట్టమంటే ఎట్లా?

మియాపూర్ బాబాయ్: శబ్దం అక్కడా ఉంది. కళ్లు మూసుకుని కూర్చుంటే లారీల హారన్లు వినిపిస్తూనే ఉన్నాయి. లారీలు తగ్గలేదు, నా చిరాకు తగ్గింది.

మెట్రో కుర్రాడు: బాబాయ్, మీ వాదన మీరే కొట్టేసుకున్నారు! 1976లో ఆ కేంద్రం పెట్టినప్పుడు అది ఊరవతల, ఇప్పుడు ఊరు దాన్ని దాటి ఎక్కడికో పోయింది. అంటే మీరు వదిలింది ఊరిని కాదు, ఫోన్‌ని, ఆఫీసుని, అక్క చెప్పిన ఇంటి పనిని. నేను రోజూ మియాపూర్‌లో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగుతాను, 29 కిలోమీటర్లు, ఫోన్ బ్యాగులోనే ఉంటుంది. అమీర్‌పేటలో జనం మీద పడి తోసుకుంటారు, భరిస్తాను. అయినా ఆఫీసు గొడవ ఇంటిదాకా మోసుకెళ్లను.

దిల్‌సుఖ్‌నగర్ వాసి: నీకు సీటు దొరుకుతోంది తమ్ముడూ, మొదటి స్టేషన్‌లో ఎక్కుతావు కాబట్టి. మధ్యలో ఎక్కి చూడు.

ఉప్పల్ అక్క: ఆడవాళ్లకి ఉందా ఆ కోర్సు?

మియాపూర్ బాబాయ్: ఉందమ్మా, బస వేరుగా ఉంటుంది.

ఉప్పల్ అక్క: అయితే దసరా సెలవుల్లో పిల్లల్ని మా ఆయనకి అప్పజెప్పి వెళ్తా. మూడో రోజుకి ఆయనే వచ్చి ఇక్కడ పోస్టు పెడతాడు, ఎవరైనా జవాబివ్వండి.