షెడ్డులో పడి ఉన్న పద్మిని: కొనాలా, వద్దా? (పాత కార్ల గ్రూపులో చర్చ)

గుత్తిరోడ్డు: తాడిపత్రి దగ్గర రేకుల షెడ్డులో 1984 ప్రీమియర్ పద్మిని కారు ఉంది. చాలా ఏళ్లుగా కదల్లేదు, ఇంజన్ జామ్. అరవై వేలు అడుగుతున్నారు. ఆర్‌సీ చనిపోయిన పెద్దాయన పేరు మీదే ఉంది. కొని బాగు చేయించుకోవాలని ఆశ. ఏమంటారు?

బుగ్గవంక: వద్దు. ఫ్లోర్ పోయుంటుంది.

నల్లరేగడి: అనంతపురం ఎండకు తుప్పెక్కడిదప్పా? ఏడాదంతా కలిపి పడేదే 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. ఉప్పుగాలి తిన్న మద్రాసు బండైతే భయపడాలి.

బుగ్గవంక: అద్దం చుట్టూ రబ్బరు ఎండి పగిలితే ఒక్క వాన చాలు. నీళ్లు మ్యాట్ల కిందికి దిగి అక్కడే నిలుస్తాయి. డోర్ల కింది అంచును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. టంగుమంటే రేకు, పొడి రాలితే తుప్పును కప్పిన పుట్టీ.

కొండారెడ్డి_బురుజు: ఫొటో పెట్టన్నా.

నల్లరేగడి: మళ్లీ తుప్పేనా! ఇంజన్ సంగతి నేను చెప్తా. ప్లగ్గులు విప్పి నాలుగు సిలిండర్లలోనూ డీజిల్, ఆయిల్ కలిపి పోయి. కొన్ని రోజులు నాననిచ్చి, ముందు పుల్లీ నట్టుకు పానా వేసి చేత్తో తిప్పు. సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు.

తుంగభద్ర_ఒడ్డు: ఇంజన్ తిరిగితే సరిపోతుందా? చనిపోయినాయన పేరు నుంచి ఆర్‌సీ మార్చాలంటే ఫారం 31, మరణ ధ్రువపత్రం, వారసుల సంతకాలు కావాలి. మా నాన్న అంబాసిడర్‌కు చిన్నాన్న సంతకం పెట్టనన్నాడు. బండి ఇప్పటికీ ఇంటెనక కంపచెట్లలోనే ఉంది. నాకు తెలుసు ఆ బాధ.

గుత్తిరోడ్డు: వింటేజ్, అంటే పాతకాలపు బండి కింద రిజిస్టర్ చేయించుకుంటే?

తుంగభద్ర_ఒడ్డు: 2021 రూలు ప్రకారం యాభై ఏళ్లు దాటాలి. నీ బండికి 2034 దాకా ఆగాలి. ఆ నంబరు మీద రోజూ తిప్పుకోనివ్వరు కూడా.

నల్లరేగడి: బుగ్గవంకా, ఒకటి అడుగుతా. పోయిన నెల ఇక్కడే 'పద్మిని గేర్‌బాక్స్ కావాలి, బండి మొత్తమైనా కొంటా' అని రాసింది నువ్వే కదా? ఈయన వదిలేస్తే నువ్వు పోయి ఊడదీసుకుందామనా?

బుగ్గవంక: అవును, కావాలి. దొంగతనమా? నా బండి రోజూ రోడ్డు మీద తిరుగుతోంది. కంపెనీ పద్మిని ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది, సామాను ఎక్కడ దొరుకుతుంది? ఆ ఒక్క బండి విప్పితే మూడు బండ్లు నడుస్తాయి. ఉత్సాహంగా కొని, డబ్బులైపోయి, సగం టింకరింగ్‌లో వదిలేసినవి కడపలో ఎన్ని చూశానో!

నల్లరేగడి: అందరూ ఇట్లే విప్పుకుంటూ పోతే చివరికి నీ బండికే సామాను ఉండదు. బాగయ్యేదాన్ని ముక్కలు చేయడానికి చేతులెట్లా వస్తాయి సామీ?

బుగ్గవంక: బాగవుతుందని ఎవరన్నారు? నువ్వు చూశావా?

నల్లరేగడి: నువ్వు చూశావా?

కొండారెడ్డి_బురుజు: ఫొటో అడిగితే ఒక్కరూ పలకరు.

గుత్తిరోడ్డు: ఇప్పుడే ఫోన్ చేశా. పెద్దాయనకు ముగ్గురు కొడుకులు. ఒకాయన కువైట్‌లో ఉన్నాడట.

తుంగభద్ర_ఒడ్డు: అక్కడి ఎంబసీలో అటెస్ట్ చేయించి పవరాఫ్ అటార్నీ పంపమను. అది చేతికొచ్చేదాకా అడ్వాన్స్ అని వంద రూపాయలు కూడా ఇవ్వొద్దు.

బుగ్గవంక: ఆయన పంపనంటే నాకో మాట చెప్పు తమ్ముడూ.