ట్రావెల్ ట్రైలర్ అమ్మి పాత మోటార్‌హోమ్ కొనవచ్చునా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటున్నాము. ఇంతకాలం పికప్ వెనుక ట్రావెల్ ట్రైలర్ (ఇంజన్ లేని, లాక్కుపోయే చక్రాల ఇల్లు) కట్టుకుని తిరిగాము గానీ, ప్రతి మజిలీలోనూ దాన్ని తగిలించడం, విప్పడం, వంకర లేకుండా నిలబెట్టడం మా దంపతులకు భారమవుతోంది. అందుచేత దాన్ని అమ్మివేసి, ఫోర్డ్ ఈ-450 ఛాసీ (ఇంజన్, చక్రాలు ఉన్న చట్రం) మీద కట్టిన 2012 నాటి క్లాస్ సి మోటార్‌హోమ్, అంటే డ్రైవర్ నెత్తిమీద కూడా పడక ఉండే, తనంతట తాను నడిచే ఇల్లులాంటి బండి, కొనాలనుకుంటున్నాము. మైళ్లు చాలా తక్కువ తిరిగింది. నిశ్చింతగా కొనవచ్చునా?

జవాబు 1: మైళ్లు తక్కువన్న మాటకు అంత విలువ ఇవ్వకండి. ఏళ్ల తరబడి కదలకుండా నిలిచిన బండిలో టైర్లు పగులుతాయి, పాత పెట్రోలు జిగురు కట్టి జనరేటర్ కార్బురేటర్ పూడుకుపోతుంది. టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర 3416 అని ఉంటే, అది 2016లో 34వ వారంలో తయారైందని అర్థం. ఈ బండికి ఉండేవి ఆరు టైర్లు కనుక, అవి ఆరేడేళ్లు దాటినవైతే పైకి కొత్తగా కనిపించినా మార్పిడి ఖర్చును బేరంలో తగ్గించమనండి.

అంతకన్నా ముఖ్యమైనది చెమ్మ. క్లాస్ సి బండ్లలో డ్రైవర్ నెత్తిమీద ఉండే పడక ముందు మూలలనుంచే నీరు ఎక్కువగా దిగుతుంది. అక్కడ చేత్తో నొక్కినప్పుడు మెత్తగా తగిలినా, బయటి ఫైబర్‌గ్లాస్ గోడ ఉబ్బినట్లు కనిపించినా, ఆ బండిని ఎంత చవకగా ఇస్తామన్నా వదులుకోమనే నా సలహా. ఇంజన్ బాగుచేసేవారు ఊరూరా ఉంటారు. కుళ్లిన గోడను విప్పి మళ్లీ కట్టేవారిని వెతుక్కోవలసి వస్తుంది.

జవాబు 2: పై సలహాతో ఏకీభవిస్తున్నాను. ఒక్క విషయం చేర్చాలి. ట్రైలర్‌ను క్యాంపులో విడిచి పికప్‌లో సరుకులకు వెళ్లే వీలు మీకిప్పుడు ఉంది. మోటార్‌హోమ్‌తో పాలప్యాకెట్ కోసమైనా ఇల్లంతా కదిలించాలి. అది కష్టమని వెనుక చిన్న కారు కట్టుకుంటే, మీరు వద్దనుకున్న తగిలింపు పనే తిరిగి వస్తుంది. పైగా నాలుగు చక్రాలూ నేలపై ఉంచి లాగడానికి అన్ని కార్లూ పనికిరావు కనుక, కారుతో వచ్చిన పుస్తకం చూడనిదే నిర్ణయించుకోకండి. టెక్సాస్‌లో 26,000 పౌండ్ల లోపు బరువున్న బండికి మామూలు లైసెన్సు చాలు. బీమా మాత్రం మారుతుంది: మోటార్‌హోమ్ స్వయంగా నడిచే వాహనం కనుక దానికి లయబిలిటీ బీమా (ఇతరులకు కలిగే నష్టానికి చెల్లించేది) తీసుకోవలసిందే.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలు. ఈ శనివారం చూడబోతున్నాము. ముందుగా అమ్మేవారికి ఏమైనా చెప్పాలా?

జవాబు 1: ఫ్రిజ్‌ను ముందురోజు రాత్రే వేసి ఉంచమనండి, గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే ఆ రకం ఫ్రిజ్ చల్లబడడానికి చాలా గంటలు పడుతుంది. జనరేటర్‌ను మాత్రం మీరు వచ్చేవరకు ముట్టుకోవద్దనండి. చల్లగా ఉన్నదాన్ని మీ ఎదుటే స్టార్ట్ చేయించి, ఏసీ వేసి కనీసం అరగంట నడిపించి చూడండి.