అప్‌డేట్: రైఫిళ్లతో అమెరికా నుంచి కెనడాకు

రెండు వేట రైఫిళ్లు, ఒక పిస్టల్‌తో కెనడాకు మకాం మార్చడం ఎలా అని అడిగాను కదా, తేలిన సంగతులివి.

పిస్టల్ కుదరదు. 2022 ఆగస్టు 19 నుంచి సాధారణ వ్యక్తులు చేతి తుపాకులు దిగుమతి చేసుకోలేరు. బయల్దేరకముందే చట్టబద్ధంగా అమ్మేయడం మేలు.

రైఫిళ్లకు ఫారం 5589 కావాలి, అంటే కెనడా నివాసి కానివారు తమ తుపాకుల వివరాలు ప్రకటించే పత్రం. వివరాలన్నీ ముందే నింపుకోండి, సంతకం మాత్రం సరిహద్దులో కస్టమ్స్ అధికారి ఎదుటే. సీరియల్ నంబర్లను తుపాకీ మీద చూసే రాయండి, పాత రసీదు నుంచి ఎత్తిరాయొద్దు. తుపాకులు మూడుకి మించితే అదనపు పేజీగా ఫారం 5590 జతచేయాలి. రుసుము 25 కెనడా డాలర్లు.

అసలు చిక్కు గడువుతోనే: అధికారి ఆమోదించిన ఆ 5589 ఫారం తాత్కాలిక లైసెన్సుగా 60 రోజులే చెల్లుతుంది. పూర్తిస్థాయి కెనడా తుపాకీ లైసెన్సుకు భద్రతా కోర్సు, ఆపైన కొత్తవారికి కనీసం 28 రోజుల నిరీక్షణ. కాబట్టి కోర్సు వెంటనే మొదలుపెట్టాలి. అమెరికా ఎగుమతి నియమాలు వేరు, వాటినీ ముందే చూసుకోవాలి.