నికాన్ ఎఫ్‌ఎం2 ఫిల్మ్ కెమెరా, మూడు పాత లెన్సులు ఉన్నాయి: డిజిటల్‌కి ఏ బాడీ కొనాలి?

గోదావరిగట్టు:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, టీచరుగా రిటైరయ్యాను. ఏళ్ల తరబడి నికాన్ ఎఫ్‌ఎం2 వాడుతున్నాను. ఏఐ (చేత్తో ఫోకస్ చేసే పాత నికాన్ రకం) లెన్సులు మూడున్నాయి: 28 ఎఫ్2.8, 50 ఎఫ్1.4, 105 ఎఫ్2.5. మా వీధి ల్యాబు కలర్ రీళ్లు కడగడం మానేసింది, ఇక కొరియర్‌లో పంపడం నా వల్ల కాదు. తీసేవి గుళ్లు, గోదావరి రేవులు, జాతర్లు, ఈమధ్య మనవడు. సెకండ్‌హ్యాండ్ నికాన్ డిజిటల్ డీ750 చూశాను. నికాన్ మిర్రర్‌లెస్ జెడ్‌ఎఫ్ కొని, పాత లెన్సులు దానికి ఎక్కించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టుకోమని ఒకరన్నారు. అన్నీ అమ్మేసి ఫ్యూజీ తీసుకోమని మా అల్లుడు. ఏం చేయమంటారు?

ఏపర్చర్ రింగ్:
సార్, ఆ మూడూ అమ్మొద్దు. ముఖ్యంగా 105 ఎఫ్2.5. బాడీలు వస్తాయి, పోతాయి, అలాంటి లెన్సు చేయి జారితే మళ్లీ మంచి కండిషన్‌లో దొరకడం కష్టం. నికాన్ ఎఫ్ మౌంటు (బాడీకి లెన్సు బిగించే చోటు) 1959 నుంచి ఉంది, మీ ఏఐ లెన్సులు 1977 తర్వాతి పద్ధతివి. డీ750కి నేరుగా ఎక్కుతాయి. మెనూలో ఫోకల్ లెంగ్త్ (28, 50 లాంటి అంకె), గరిష్ఠ ఏపర్చర్ (ఎఫ్ పక్కనున్న అంకె) ఎంటర్ చేస్తే మీటరింగ్, అంటే వెలుతురు కొలవడం కూడా పనిచేస్తుంది. చవగ్గా వస్తోంది కదా అని డీ3500, డీ5600 మాత్రం కొనకండి. వాటిలో మీ లెన్సులకి మీటరే పలకదు.

స్టూడియో బాబాయ్:
మాస్టారూ, ఇలాంటి సలహాలు విని డబ్బు పోగొట్టుకోకండి. మనవడు పరిగెత్తే వయసా? అయితే ఆటోఫోకస్ లేని లెన్సుతో మీకొచ్చేది ముక్కు మసక, చెవి క్లియర్. ఫ్యూజీ బాడీ, దానికి ఒక జూమ్, ఒక 35 తీసుకోండి, హాయిగా ఉంటారు. చాలా మోడళ్లలో షట్టర్ డయల్ పైనే ఉంటుంది, మీకు చేతి అలవాటూ పోదు.

ఏపర్చర్ రింగ్:
ఫ్యూజీ ఎక్స్ అంటే ఏపీఎస్-సీ సెన్సర్, ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్నది అని కూడా చెప్పాలి కదా బాబాయ్. సార్ అడాప్టర్ పెట్టుకుని ఆ 28 వాడితే గుడి మండపం ఫ్రేములో సగమే పడుతుంది.

స్టూడియో బాబాయ్:
పాత 28 ఎవడు పెట్టమన్నాడు? కొత్తది కొనుక్కోమన్నా. అయినా క్రాపులో 50 కాస్తా 75 అవుతుంది, పోర్ట్రెయిట్‌కి ఇంకా మంచిది.

ఏపర్చర్ రింగ్:
50 ఎక్కడికెళ్లినా 50నే. 75 "అవ్వదు". అంచులు కోసేస్తారు, అంతే. ముఖం ఎలా కనపడుతుందనేది మీరు నిలబడ్డ దూరాన్ని బట్టి ఉంటుంది, సెన్సర్‌ని బట్టి కాదు.

స్టూడియో బాబాయ్:
75 ఫ్రేములో ఎంత పడుతుందో అంతే పడుతుందిగా? దాన్నే 75 అంటారు. నువ్వు పాఠం చెప్తున్నావు, నేను పెళ్లి తీస్తున్నాను.

లైట్‌మీటర్:
మీరిద్దరూ చెప్పేది ఒకటే. ముందుకెళ్దాం.

ఏపర్చర్ రింగ్:
ఒకటే కాదు. బ్యాక్‌గ్రౌండ్ మసక లెక్క కూడా మారుతుంది.

సముద్రగాలి:
విశాఖ నుంచి ఒక మాట. గోదావరిగట్టు గారూ, ఏ బాడీ కొనేముందైనా ఆ లెన్సుల వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు లాంటి గీతలు కనపడితే ఫంగస్. మన తేమకి బీరువాలో తోలు కేసులో పెడితే పట్టేస్తుంది. గట్టిగా మూతపడే డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోండి. నేను ఒక షాపులో "మింట్ కండిషన్" అంటే నమ్మి కొన్నాను, ఇంటికొచ్చి చూస్తే లోపల ఫంగస్ తోట. తిరిగి తీసుకోమంటే అది దుమ్మేనన్నాడు.

స్టూడియో బాబాయ్:
అదీ సంగతి. పాత లెన్సులంటే ఇదే. షోకేసులో పెట్టుకుని తుడుచుకునే జనం వీటిని బంగారం అంటారు, తీసేవాడికి తెలుస్తుంది అసలు బాధ.

ఏపర్చర్ రింగ్:
షోకేసా? నా 35 ఎఫ్2 మా నాన్నది. ఆయన దాంతో కాన్వకేషన్లు, ఊళ్లో చావులు, పుట్టుకలు అన్నీ తీశారు. నేనూ ఇప్పటికీ దాంతోనే తీస్తున్నాను. మీలాగ ఒక్క పెళ్లికి 4 వేలు కొట్టి, అందులో ఏరుకునే బాపతు కాదు నేను.

స్టూడియో బాబాయ్:
ఇప్పుడు విను. నేను డార్క్‌రూమ్‌లో పెరిగాను. పెళ్లికి ఐదు రీళ్లు, 36 చొప్పున 180 ఫ్రేములు. తలంబ్రాలకి ఎన్ని ఉంచాలి, అప్పగింతలకి ఎన్ని ఉంచాలి అని లెక్క వేసుకుని నొక్కేవాణ్ని. రింగు తిప్పడం నాకూ వచ్చు, నీకంటే ముందే వచ్చు. ఇప్పుడు పెళ్లివాళ్లు అదే రాత్రి వాట్సాప్‌లో కావాలంటారు. జీలకర్రబెల్లం పెట్టేప్పుడు కళ్లు మూసుకున్న ఫొటో వస్తే మిగతా డబ్బు ఇవ్వరు. నేను 4 వేలు కొట్టేది సరదాకా? పైగా ఒక కంపెనీని నమ్మి లెన్సుల సెట్టు అప్పుచేసి కొంటే వాళ్లు మౌంటే మార్చేశారు. ఆ సెట్టు సగం ధరకి పోయింది. "మౌంటు శాశ్వతం" అని ఎవడన్నా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఏపర్చర్ రింగ్:
శాశ్వతం అని నేననలేదు.

స్టూడియో బాబాయ్:
1959 అన్నావు.

ఏపర్చర్ రింగ్:
సరే, అన్నాను. కానీ సార్ పెళ్లిళ్లు తీయట్లేదు బాబాయ్. ఆయనకి డెడ్‌లైన్ లేదు. ఫోకస్ తన చేత్తో కలిపితే అది తను తీసిన ఫొటో అనిపిస్తుంది. మీకది కూలిపని, నాకు అదే అసలు పని. మన తగాదా అక్కడుంది, 75 దగ్గర కాదు.

స్టూడియో బాబాయ్:
కూలిపనే. ఒప్పుకుంటాను. ఆ కూలి మెషీన్ చేస్తే నేను ముఖాలు చూస్తాను. పెళ్లికూతురి తల్లి ఎప్పుడు ఏడవబోతోందో మెషీన్‌కి తెలియదు, నాకు తెలుస్తుంది.

గోదావరిగట్టు:
పెద్దవాళ్లు, నా కోసం గొడవపడకండి. ఒక విషయం మొదట్లో రాయలేదు. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోదానికి చేయించుకోవాలి. ఎఫ్‌ఎం2 వ్యూఫైండర్లో స్ప్లిట్ ఇమేజ్ (ఫోకస్ కుదిరితే ఒకటయ్యే రెండు ముక్కల బొమ్మ) కలిసిందో లేదో ఈమధ్య సరిగా తెలియట్లేదు. మొన్న కోటిలింగాల రేవులో తీసిన రీలు చాలావరకు మసగ్గా వచ్చింది. నాకు రింగు తిప్పడం ఇష్టమే. కనపడాలి కదా.

లైట్‌మీటర్:
ఇది ముందే చెప్పుంటే ఇంత రామాయణం ఉండేది కాదు సార్ 🙂

సముద్రగాలి:
అయితే డీ750 మీకు సరిపడదనే నేనంటాను. దాని ఫోకసింగ్ స్క్రీన్‌లో స్ప్లిట్ ఇమేజ్ ఉండదు. ఆటోఫోకస్ జూములకి వెలుతురు బాగా రావాలని చేసిన స్క్రీన్ అది. 50ని ఎఫ్1.4 దగ్గర పెట్టి చూస్తే ఫోకస్ తప్పినా బాగున్నట్టే కనపడుతుంది. కింద పచ్చ చుక్క వెలుగుతుంది, దాన్ని నమ్ముకోవాలి. జెడ్‌ఎఫ్‌లో కథ వేరు. ఎఫ్‌టీజెడ్‌తో మీ లెన్సు పెట్టి, ఒక బటన్‌కి జూమ్ పెట్టుకుంటే కంటిరెప్ప కూడా పెద్దగా కనపడుతుంది. ఫోకస్ కుదిరిన అంచులకి రంగు వేసి చూపిస్తుంది. మెనూలో లెన్సు ఫోకల్ లెంగ్త్ ఎంటర్ చేస్తే బాడీలోని స్టెబిలైజేషన్ (చేతి వణుకు సర్దేది) కూడా పనిచేస్తుంది. డయాప్టర్ చక్రం తిప్పి కంటికి సరిపడా సర్దుకోవచ్చు. ఏపర్చర్ మాత్రం మీరు రింగు తిప్పినంతా నిజంగా మూసుకుంటుంది, కానీ వ్యూఫైండర్ చీకటి పడదు, స్క్రీన్ సర్దుకుంటుంది.

ఏపర్చర్ రింగ్:
జెడ్‌ఎఫ్ ఫుల్ ఫ్రేమ్ (సెన్సర్ ఫిల్మ్ ఫ్రేమంతే) కాబట్టి 28 కూడా 28గానే పనిచేస్తుంది. మనవడి కోసం 40 ఎఫ్2 జెడ్ లెన్సు ఒకటి తర్వాత కొనుక్కోండి. దానికి ఆటోఫోకస్ ఉంది, ధర కూడా భయపెట్టదు. చూడండి, మూడు లెన్సులూ ఉంచుకోమన్నది నేనే.

స్టూడియో బాబాయ్:
ఆటోఫోకస్ కొనమన్నది నేనే.

లైట్‌మీటర్:
ఎవరూ చెప్పని సంగతి ఒకటి. నెగెటివ్ రీలులో కాస్త ఎక్కువ వెలుతురు పడినా ప్రింటులో లాగేవాళ్లు. డిజిటల్‌లో తెల్ల పంచె కాలిపోతే వివరం తిరిగి రాదు, స్లైడు ఫిల్మ్‌లాగే. హిస్టోగ్రామ్ (కెమెరా చూపించే వెలుతురు గ్రాఫ్) కుడి గోడకి తగలకుండా చూసుకోండి, రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని అసలు ఫైల్) తీయండి. ప్రింటు సంగతికొస్తే 12×18 అంగుళాలని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) వేసినా సుమారు 19.4 మెగాపిక్సెళ్లే కావాలి. జెడ్‌ఎఫ్‌లో 24.5 ఉన్నాయి, చాలు.

గోదావరిగట్టు:
సరే. ఆదివారం విజయవాడలో ఒక షాపుకి వెళ్తున్నాను, 105 జేబులో వేసుకుని. అక్కడ పెట్టి చూస్తేనే కొంటాను. సెకండ్‌హ్యాండ్ ఎఫ్‌టీజెడ్ మొదటిది చాలా, రెండోదే కావాలా?

సముద్రగాలి:
మీ లెన్సులకి తేడా లేదు. రెండోదానికి అడుగున ట్రైపాడ్ పాదం ఉండదు, పట్టుకోవడానికి సుఖం. మొదటిది చవగ్గా దొరికితే తీసుకోండి.

స్టూడియో బాబాయ్:
వెళ్లేటప్పుడు మనవణ్ని కూడా తీసుకెళ్లండి మాస్టారూ. షాపులో వాడు పరిగెడుతుంటే 105తో ఫోకస్ చేసి చూడండి. కుదరకపోతే నాకు ఫోన్ చేయండి, మీ ప్రొఫైల్‌కి నంబరు మెసేజ్ చేశాను.