సమస్యాపూరణం: నీట రగిలిన నిప్పుతో నేల తడిసె

నిర్వాహకుడు:
ఈ వారం ఇస్తున్నది తేటగీతి పద్యపు చివరి పాదం. పైకి అసంభవంగా కనబడే దీనికి ముందు మూడు పాదాలు కట్టి అర్థం కుదర్చాలి.

నీట రగిలిన నిప్పుతో నేల తడిసె

గణాలు సరిపోయాయి, నీ–నే యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో పొత్తు) కుదిరింది. అయితే ఈసారి ఒక కట్టుబాటు ఉంది. పూరణలోని కథ మన లోకంలో కాక ఒక కల్పిత లోకంలో జరగాలి. దానికి ‘ఐదుకోనలు’ అని పేరు పెట్టుకుందాం. అక్కడి మాంత్రికులు పంచభూతాలను పిలిచి పని చేయించుకుంటారు గాని, ఉచితంగా కాదు. ఆకాశం నుండి వాయువు, వాయువు నుండి అగ్ని, అగ్ని నుండి నీరు, నీటి నుండి భూమి పుట్టాయని తైత్తిరీయోపనిషత్తు చెప్పిన వరుసే అక్కడా చెల్లుతుంది. ఆకాశానికి శబ్దం, గాలికి స్పర్శ, నిప్పుకు రూపం, నీటికి రసం, మన్నుకు గంధం విశేషగుణాలు కనుక, ఏ భూతాన్ని పిలిస్తే ఆ గుణాన్ని గ్రహించే ఇంద్రియాన్ని పిలిచినవాడు కోల్పోతాడు. నిప్పును పిలిస్తే చూపు పోతుంది, నీటిని పిలిస్తే నాలుకకు రుచి తెలియదు. ఎంతటి సిద్ధుడైనా భూతాలను రెండు మెట్లకు మించి కదిలించలేడు. ఈ హద్దుల లోపల విరోధాన్ని పరిహరించండి.

గోరువంక:
నా ప్రయత్నం.

మంత్రవేత్తయు నొకడు తా మహిమ జూప
కొలను నడుమను నిలుచుండి కొరవి నూపె
అలలు మండెను మిన్నంటె నావిరులును
నీట రగిలిన నిప్పుతో నేల తడిసె

బడిపంతులు:
గోరువంక గారూ, నడక బాగున్నది. మొదటి పాదంలోని ‘యు’ గణం నింపడానికి వచ్చినదే కనుక ‘మంత్రవాది యొకండు తా మహిమ జూప’ అంటే ఆ వెలితి తీరుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. ఆవిరులు మిన్నంటాయన్నారు గాని అవి తిరిగి నేలకు ఎలా దిగాయో చెప్పలేదు. ‘మహిమ’ అన్న ఒక్క మాటతో సమస్యను దాటవేస్తే, అవధానంలో పృచ్ఛకుడు (ప్రశ్న వేసేవాడు) అడిగిన దానికి ‘దైవలీల’ అని బదులిచ్చి కూర్చున్నట్లే అవుతుంది. దుర్యోధనుడు జలస్తంభన విద్యతో ద్వైపాయన సరస్సులో దాగాడు. ఆ విద్య నీటిని ఆపగలిగింది గాని అతడి మాటలు విన్న వేటగాళ్ళ చెవులను ఆపలేకపోయింది, ధర్మరాజు ఎత్తిపొడుపు మాటలకు అతడు పైకి రాకుండానూ ఆపలేకపోయింది. విద్యకు ఆ హద్దు ఉండబట్టే ఆ ఘట్టం అంత రక్తి కట్టింది. మీ మంత్రవాదికి హద్దూ లేదు, అతడు చెల్లించిన వెలా లేదు.

గోరువంక:
సవరణకు ధన్యవాదాలు, పంతులు గారూ. కట్టుబాటును నేను సరిగా చదవలేదు.

తుంగభద్ర:
కడలి కడుపున బడబాగ్ని కాచ నుబికి
యావిరై లేచి మబ్బయి యవనిమీద
కుమ్మరించెను గగనంబు కుండపోత
నీట రగిలిన నిప్పుతో నేల తడిసె

భృగువంశపు ఔర్వుడు పితరుల మాట విని తన కోపాగ్నిని సముద్రంలో విడిచిపెట్టాడని ఆదిపర్వం చెబుతున్నది. ఐదుకోనలలో కూడా అటువంటి కడలి నిప్పు (బడబాగ్ని) ఒకటి ఉన్నదని ఊహించాను. అది ఎవరూ పిలిచినది కాదు, ఎవరో వదిలించుకున్నది. అందుచేత దానికి వెల ఎప్పుడో చెల్లిపోయింది.

బడిపంతులు:
‘వదిలించుకున్న నిప్పు’ అన్న ఊహ నాకు పద్యం కన్నా ఎక్కువ నచ్చింది. పద్యంలో మాత్రం అన్వయం తెగింది. ఉబికి, లేచి, మబ్బయి అనే క్త్వార్థకాలకు (ముగియని క్రియలకు) కర్త నీరు కాగా, ‘కుమ్మరించెను’ దగ్గర కర్త గగనం అయింది. మూడవ పాదాన్ని ఇలా మార్చి చూడండి.

కురిసె నుప్పును విడనాడి కొత్తనీరు

అప్పుడు నాలుగు క్రియలకూ ‘కొత్తనీరు’ ఒక్కటే కర్త అవుతుంది. ఏటికి కొత్తనీరు వచ్చిందన్నప్పుడు మనవారికి కలిగే సంబరం కూడా పద్యంలోకి వస్తుంది. కు–కొ యతికి ఇబ్బంది లేదు.

సున్నపుబట్టి:
నా పేరును బట్టే నా పూరణ ఊహించి ఉంటారు.

బట్టి గాలిన రాతిని బానలోన
వేసి నీళ్ళను పోయగా వేడి పొంగి
వాకిలిని జిందె నెల్లెడ ముగ్గువోలె
నీట రగిలిన నిప్పుతో నేల తడిసె

నిర్వాహకుడు:
మూడవ పాదంలో వా–ము యతి చెల్లదు. ‘ముంగిటను జిందె’ అంటే సరిపోతుంది, అర్థమూ మారదు. ఇక భావం విషయానికి వస్తే, ఇది మంత్రం కాదని కొందరు అభ్యంతరం చెప్పవచ్చు గాని నేను చెప్పను. సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిన సున్నపురాయి బొగ్గుపులుసు వాయువును విడిచి, చూడటానికి చల్లని తెల్లని రాయిగా మిగులుతుంది. దాని మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి పొగలు కక్కుతుంది. బట్టీలో రాయి తిన్న వేడిలో కొంత భాగాన్ని నీరు వచ్చి అడిగి పుచ్చుకున్నదన్నమాట. భూతాన్ని పుట్టించడం ఉండదు, అప్పు తెచ్చి అప్పు తీర్చడమే ఉంటుందన్న ఐదుకోనల న్యాయానికి ఇంతకన్నా సాక్ష్యం ఏమి కావాలి? ముగ్గు పోలిక కూడా అక్కడి నుండే పుట్టింది. కన్ను జాగ్రత్త అని మాత్రం చెప్పాలి, ఆ చిందిన సున్నం పడితే వెల నిజంగానే చూపు అవుతుంది.

మల్లెతీగ:
నేను ఆ చూపు వెలనే తీసుకున్నాను.

చూపు వెలగాగ మంటను జూరగొనియె
కొలని యొడ్డున కూర్చుండి కుమిలి యేడ్చె
కనుల నీరొల్కె ధారలై కాంతి కొరకు
నీట రగిలిన నిప్పుతో నేల తడిసె

చూ–జూ యతి చెల్లుతుందా అని సందేహం.

బడిపంతులు:
చెల్లుతుంది అమ్మా, చ–జలు ఒకే వర్గం. కట్టుబాటును కథగా మలచిన మొదటి పూరణ మీదే. నిప్పు నేలను తడపలేదు, నిప్పు అడిగిన వెల తడిపింది. అయితే కుమిలి ఏడ్చిన తరువాత మళ్ళీ కన్నీరు ధారలు కట్టడం ఒకే మాటను రెండుసార్లు చెప్పడమే. రెండవ పాదంలో ఏడుపును తీసివేసి, అతడు ఆ నిప్పును ఎవరి కోసం తెచ్చాడో చెప్పగలిగితే పద్యం నిలబడుతుంది.

కొండవాగు:
ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి.

పుట్టినింటికి భూతముల్ పోవు వేళ
తండ్రి కొలిమిని జలములు తలచుకొనియె
తల్లియొడి కోరి మన్నును తరలిపోయె
నీట రగిలిన నిప్పుతో నేల తడిసె

నిప్పు నుండి నీరు, నీటి నుండి మన్ను పుట్టినవి కనుక, వెనుకకు నడిస్తే నీరు నిప్పవుతుంది, మన్ను నీరవుతుంది. ‘నిప్పుతో’ అన్నచోట ‘తో’ను నేను సాధనంగా తీసుకోలేదు. ‘రాముడు సీతతో వచ్చెను’ అన్నట్లుగా, ఆ నిప్పుతో పాటే నేలా తడిసిందని నా భావం.

తుంగభద్ర:
ఒక్క ‘తో’ మీద సమస్య అంతా తిరిగిపోయింది! మేమందరం నిప్పు చేత నేలను తడిపించడానికి నానా తిప్పలు పడ్డాము.

బడిపంతులు:
సమస్యాపాదంలోనే లయక్రమం (భూతాలు పుట్టినచోటికే తిరిగి కలిసిపోయే వరుస) దాగి ఉన్నదని ఇచ్చినవారికైనా తెలుసునో లేదో. ఒక్క మాట చెప్పవలసి ఉంది. పుట్టుక వరుసకు లయం వరుస విపర్యయమని (తలకిందులని) బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం చెబుతున్నది. ఆ లెక్కన ముందు మన్ను నీటిలోకి పోవాలి, తరువాతనే నీరు నిప్పులోకి. మీ రెండు, మూడు పాదాలను తారుమారు చేయండి. అలా చేస్తే ‘తండ్రి కొలిమిని జలములు తలచుకొనియె’ వెంటనే ‘నీట రగిలిన’ అన్నది వచ్చి అతుకు కనబడకుండా పోతుంది.

కొండవాగు:
తారుమారు చేశాను, పంతులు గారూ. చదువుతుంటే మొదటినుండీ అలాగే ఉండవలసినదనిపిస్తున్నది.

గోరువంక:
నాదొక సందేహం. నిప్పు కూడా తన పుట్టిల్లయిన గాలిలోకి పోవాలి కదా, ఎందుకు రగులుతూ ఆగిపోయింది?

కొండవాగు:
రెండు మెట్లే కదా హద్దు. మన్ను ఒక మెట్టు, నీరు ఒక మెట్టు. మూడవది ఎక్కడానికి మాంత్రికుడికి బలం లేదు.

నిర్వాహకుడు:
నేనిచ్చిన పాదంలో అంత ఉన్నదని నాకు తెలియదు, పంతులు గారి అనుమానం నిజమే. కాని మాంత్రికుడు అన్నారు చూశారా, కొండవాగు గారూ, మీ పద్యంలో అతడు ఎక్కడా కనబడడు. వాసనా రుచీ కోల్పోయిన మనిషి లేకుండా భూతాలు వాటంతట అవే పుట్టింటికి ప్రయాణమైనట్లుంది. కట్టుబాటు ప్రకారం ఇది లోపమే.

కొండవాగు:
నిజమే. మొదటి పాదాన్ని ‘మాంత్రికుని మాట భూతముల్ మళ్ళిపోవ’ అని మార్చవచ్చునా?

నిర్వాహకుడు:
గణయతులు సరిపోయాయి. మాంత్రికుడు వచ్చాడు, పుట్టినిల్లు పోయింది. పుట్టినిల్లు పోయాక తల్లియొడికీ తండ్రి కొలిమికీ ఇక చోటెక్కడ? నేనైతే కట్టుబాటును కాస్త సడలించి పాత పాదాన్నే ఉంచుతాను. పంతులు గారు ఒప్పుకుంటారో లేదో చూడాలి.