స్టాటిన్ మొదలుపెట్టే ముందు జీన్ టెస్ట్ చేయించాలా?

గోదారిగట్టు: నాన్నకి 61. కొలెస్ట్రాల్‌కి రోసువాస్టాటిన్ 10 రాశారు. మూడు వారాల నుంచి తొడలు, పిక్కలు లాగేస్తున్నాయని ఒకటే గోల. ఎస్‌ఎల్‌సీవో1బీ1 అనే జీన్ పరీక్ష ముందే చేయించాల్సిందని మా బావ అంటున్నాడు. నిజమేనా?

పప్పుచారు: మీ బావ చెప్పింది కరెక్టే. కాలేయ కణం పొరలో స్టాటిన్‌ని రక్తంలోంచి లోపలికి లాక్కునే ప్రోటీన్‌ని తయారుచేసేది ఆ జీనే. అది మందగిస్తే మందు రక్తంలో ఎక్కువగా మిగిలిపోతుంది, కండరాలకి తగులుతుంది. 2008లో బ్రిటన్ వాళ్ల సెర్చ్ అధ్యయనంలో, ఆ జీన్‌కి మనలో ఉండే రెండు కాపీల్లో ఒకదాంట్లో మందగించే తేడా ఉంటే కండరాల జబ్బు ముప్పు 4.5 రెట్లు, రెండిట్లోనూ ఉంటే దాదాపు 17 రెట్లు. ఒక్కసారి చేయిస్తే జన్మంతా పనికొచ్చే పరీక్ష, వద్దనడం ఎందుకు?

మందులబీరువా: ఆ 17 రెట్లు సిమ్వాస్టాటిన్ 80 మి.గ్రా. వేసుకున్నవాళ్లలో అండి. 2011లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ డోసు కొత్తవాళ్లకి మొదలుపెట్టొద్దంది. రోసువాకీ ఈ జీన్‌కీ కండరాల విషయంలో అంత గట్టి లింకు కనబడలేదు. పైగా 2020లో వచ్చిన సామ్సన్ అనే అధ్యయనం చూడండి. స్టాటిన్ పడలేదని మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి.

గోదారిగట్టు: అంటే నాన్న నటిస్తున్నారా? రాత్రి మెట్లెక్కలేక కూర్చుండిపోయారండీ.

మందులబీరువా: అయ్యో, నొప్పి నిజమే, కారణం దగ్గరే పేచీ. ముందు సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), థైరాయిడ్ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ తగ్గితే కొలెస్ట్రాలూ పెరుగుతుంది, ఒళ్లూ నొప్పులే. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి. ఇంకోటి, జీన్ బాగున్నా, స్టాటిన్ కాలేయంలోకి వెళ్లే ఆ దారికి వేరే మందు అడ్డుపడొచ్చు. ట్రైగ్లిజరైడ్స్‌కి (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) ఏమైనా వాడుతున్నారా?

పప్పుచారు: ఈ పాయింటు ఒప్పుకుంటా. కానీ రేపు సిమ్వాకి మారిస్తే నా టెస్టే గుర్తొస్తుంది.

గోదారిగట్టు: నాన్న మందుల డబ్బా చూశా. ట్రైగ్లిజరైడ్స్‌కి పాత డాక్టరు రాసిన జెమ్‌ఫిబ్రోజిల్ ఇంకా వేసుకుంటున్నారు. కొత్తాయనకి చెప్పలేదట.

మందులబీరువా: దొరికింది! అది ఆ దారినే మూసేస్తుంది. ఇప్పుడే డాక్టరుకి ఫోన్ చేయండి, రెండు స్ట్రిప్పులూ చూపించండి.