చెరువు పనిలో ఊరి పిల్లలు చివరిదాకా నిలవాలంటే ఏం చేయాలె?

మత్తడి_దుంకింది (మహబూబ్‌నగర్)

అందరికీ నమస్కారం. మా చెరువు కింద ఆయకట్టు ఉంది గానీ ఊరి ఎవుసమంతా ఇప్పుడు బోర్ల మీదనే. మిషన్ కాకతీయల పూడిక తీసిన్రు, మట్టిని రైతులు సొంత ఖర్చుతోటి పొలాలకు తోలుకున్నరు. ఆ తర్వాత చెరువు దిక్కు చూసినోళ్లు లేరు. కట్ట మీద సర్కారు తుమ్మ మళ్ల మొలిచింది, తూము దగ్గర చెత్త పేరుకున్నది. యువజన సంఘం పిల్లలం ఆదివారం ఆదివారం కంప కొట్టుడు మొదలుపెట్టినం. మొదట్ల ఊరంతా కదిలింది. ఇప్పుడు నలుగురైదుగురం మిగిలినం. రాకుండ పోయినోళ్లకు ఊరంటే ప్రేమ లేదని నేననుకోను. మీ ఊర్లల్ల ఇసొంటి పని ఏండ్ల తరబడి నడిచిందా? ఎట్ల నడిచిందో చెప్పున్రి.

వేరుశనగ_చేను (అనంతపురం)

అన్నా, కంప కొట్టేదానికి పిలిస్తే కంప అయిపోయేదాకా వస్తారు. మా పక్క నిలిచింది కొలిచే పని.

2003 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 7 కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే కార్యక్రమం నడిచింది. ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవాళ్లు. మీ మహబూబ్‌నగర్ కూడా అందులో ఉండింది. 600కు పైగా ఊర్లు. వాన పడిన రోజు వర్షమాపకంలో ఎంత పడిందో చూసేది, 15 రోజులకోసారి ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం కొలిచేది, ఊర్లో అందరికీ కనపడే బోర్డు మీద రాసేది. కొలిచేవాళ్లు మా రైతులే, ఆఫీసర్లు కాదు. మా నాయన బోరులోకి తీగ దించితే, నేను పుస్తకంలో రాసేదాన్ని. అప్పుడు హైస్కూల్లో ఉన్నా.

అసలు విషయం రబీకి ముందు జరిగే సమావేశం. ఆ ఏడు వాన ఎంత, భూమిలోకి ఎంత ఇంకింది, ఎవరెవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయాలనుకుంటున్నారు, ఇవన్నీ రాసి కూడేవాళ్లు. ఎకరా మీద 1 మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే సుమారు 4,047 లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు కావాలంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు దాటుతుంది. వేరుశనగకు 500 అనుకుంటే 20 లక్షల చిల్లర. ఊరంతా వరి అంటే ఎన్ని నీళ్లు తక్కువ పడతాయో అందరి కళ్ల ముందరే తేలిపోయేది. ఫలానా పంట వేయొద్దని ఎవురూ చెప్పలేదు, జరిమానా లేదు, వేయనందుకు డబ్బూ ఇయ్యలేదు. అయినా చానా మంది వరి తగ్గించుకున్నారు. ఆ లెక్కలు చేసింది చదువుకున్న పిల్లోళ్లు. పెద్దోళ్లు వాళ్ల మాట ఆగి విన్నది అప్పుడే. అందుకే మళ్లా మళ్లా వచ్చినారు.

జొన్నకంకి (జహీరాబాద్)

యువజన సంఘం అన్నరు. అందుల ఆడపిల్లలు ఎంతమంది ఉన్నరు తమ్ముడూ? రాత్రి పూట కట్ట మీద మీటింగ్ పెడితే మేమెట్ల వస్తం? మా దిక్కు పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు విత్తనాలు దాచుకున్నయి, చిరుధాన్యాలు నిలబెట్టినయి, 2008 నుంచి మాచ్‌నూర్‌ల సంఘం రేడియో నడిపిస్తున్నయి. మైకు పట్టింది చదువుకున్న పట్నపోళ్లు కాదు, ఊర్ల దళిత ఆడోళ్లు. వాళ్లను చూసే నేను పెండ్లయి వచ్చినంక మా సంఘంల చేరిన. బోరు ఎండితే బిందె పట్టుకొని తిరిగేది మేమే గద. మీటింగ్ పగటిపూట, పనులు ఒడిసినంక పెట్టున్రి, బడి దగ్గర పెట్టున్రి. మీరు అడగకుంటనే లెక్క రాసే పిల్లలు దొరుకుతరు.

మస్టర్_పుస్తకం (కర్నూలు)

నేను ఉపాధి హామీ సామాజిక తనిఖీలో పనిచేశాను. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలై, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ ఏర్పడింది. కూలికి పోయే కుటుంబాల్లో చదువుకున్న పిల్లలను తీసుకొని శిక్షణ ఇచ్చేవాళ్లు. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, పని జరిగిందా, డబ్బులు అందాయా అని అడిగి, మండలంలో ప్రజావేదిక మీద అందరి ముందూ చదివేవాళ్లం. పెద్ద పెద్ద వాళ్లు లేచి జవాబు చెప్పాల్సి వచ్చేది. ఇరవై ఏళ్ల పిల్లకు ఆ ధైర్యం ఇంకెక్కడ వస్తుంది?

ఇంకో మాట. మాకు రోజు భత్యం ఇచ్చేవాళ్లు. కూలి మానుకొని వచ్చే పిల్లవాణ్ణి ఊరి సేవ అని ఊరికే తిప్పుకోవడం న్యాయం కాదు. ఉన్నవాళ్ల పిల్లలే సేవ చేయగలిగితే, చివరికి సంఘంలో వాళ్లే మిగులుతారు.

వేరుశనగ_చేను

ఇది నేను పూర్తిగా ఒప్పుకోలేనన్నా. మా ఊర్లో కొలిచినోళ్లకు జీతం లేదు. జీతమిచ్చింటే ప్రాజెక్టు ముగిసిన రోజే పుస్తకం మూసేసేవాళ్లు.

మస్టర్_పుస్తకం

మీది మీ సొంత బోరు, సొంత పొలం అక్కా. పదిహేను రోజులకోసారి తీగ దించడం ఒకటి, రోజంతా పని వదులుకొని రావడం ఇంకొకటి. భూమి లేని ఇంటి పిల్లవాడికి ఆ నీటి లెక్కలో ఏం వస్తుంది?

వేరుశనగ_చేను

ఆ మాట నిజమే. మా సమావేశాల్లో భూమి లేనోళ్లు కూర్చున్నది తక్కువ.

కట్టమైసమ్మ_నీడ (ఇప్పుడు హైదరాబాద్)

నాలాగా ఊరు వదిలి వచ్చినోళ్లు ఈ చర్చ చదువుతుంటే ఒక మాట. పైసలు పంపుదాం, పటాలు గీసిద్దాం, లెక్కలు కంప్యూటర్ల ఎక్కిద్దాం. ఏం చేయాల్నో మాత్రం ఊర్ల ఉన్నోళ్లు తేల్చాలె. పండక్కి వచ్చి కట్ట మీద బెంచీలు, రంగు లైట్లు వేయించే ఆలోచన చాలా చోట్ల చూసిన. చేపలు పట్టుకునే ముదిరాజ్ సంఘాన్ని, ఆయకట్టు చివరి రైతును అడగకుండ చెరువు మీద ఏ పనీ మొదలుపెట్టొద్దు.

మత్తడి_దుంకింది

చాలా సంగతులు తెలిసినయి. అక్కా, మీరన్నది కరెక్టే, మా సంఘంల ఒక్క ఆడపిల్ల లేదు. ఇంకొకటి అడుగుత. శిఖం భూమిల, అంటే చెరువు నిండితే మునిగే జాగల, ఇద్దరు ముగ్గురు పంట వేసుకుంటున్నరు. పిల్లలు పోయి ఆపుతమంటున్నరు.

మస్టర్_పుస్తకం

ఆ పని వాళ్ల మీద పెట్టకండి తమ్ముడూ. కొట్లాట అయితే కేసు పిల్లల మీద పడుతుంది, ఊరు రెండు ముక్కలవుతుంది. ముందు నీటిపారుదల శాఖ దగ్గర చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే పూర్తి మట్టం పటం తీసుకోండి, రెవెన్యూ రికార్డుతో సరిచూడండి. గ్రామసభలో చదివించి తీర్మానం రాయించండి. నీళ్లు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది. హద్దు రాళ్లు అధికారులతోనే పాతించండి. సాగు చేస్తున్నవాళ్లలో వేరే భూమి లేని పేదవాళ్లుంటే వాళ్ల సంగతి కూడా ఆ సభలోనే మాట్లాడండి.

ఎనిమిదో_తరగతి_సార్ (నల్గొండ)

బడి నుంచి ఒక అనుభవం. వర్షమాపకం మా బడి ఆవరణలో ఉంది. చూసే బాధ్యత ఎనిమిదో తరగతిది. వాళ్లు తొమ్మిదికి వెళ్లేటప్పుడు పుస్తకాన్ని కింది తరగతికి అప్పజెప్తారు, ఎలా చూడాలో వాళ్లే నేర్పుతారు. పద్దెనిమిది నిండనివాళ్లకు గ్రామసభలో ఓటు ఉండదు కానీ, నెల వాన లెక్క వాళ్ల చేతే చదివించమని సర్పంచ్‌గారిని అడిగాం, సరేనన్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం తెలంగాణలో రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి కాబట్టి అవకాశం తరచుగానే వస్తుంది.

మత్తడి_దుంకింది

సార్, మేం కూడా బడితోనే మొదలుపెడతం. చెరువు తూము దగ్గర అడుగుల గుర్తులు రాపిస్తం, ఐదారు బోర్లు ఎంచుకుంటం. కూలికి పోయే ఇండ్ల పిల్లలకు రోజు భత్యం హైదరాబాద్‌ల ఉన్నోళ్లను అడుగుతం. వర్షమాపకం యాడ పెట్టాలె?

ఎనిమిదో_తరగతి_సార్

చెట్ల కింద, గోడ పక్కన వద్దు. దగ్గరున్న చెట్టు ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో, చదునైన చోట పెట్టండి. రోజూ ఉదయం 8:30కు చూడాలి, వాతావరణ శాఖ చూసే సమయం అదే. వాన లేని రోజు సున్నా అని రాయాలి, ఖాళీ వదలొద్దు. దసరా, వేసవి సెలవుల్లో ఎవరి వంతో ముందే పేర్లు రాసి గోడకు అంటించండి.